వినాళ గ్రంథుల వ్యవస్థ: హార్మోన్ల నియంత్రణ, లోపాలు – పులికాట్ తీరం ఉదాహరణగా

శరీరంలోని అవయవాల పనిని రక్తంలో ప్రయాణించే రసాయనాలతో సమన్వయపరిచే గ్రంథుల సముదాయమే వినాళ గ్రంథుల వ్యవస్థ. దీన్ని అంతస్స్రావ వ్యవస్థ అని కూడా అంటారు. ఆ రసాయనాలే హార్మోన్లు. చెమట గ్రంథులకు, లాలాజల గ్రంథులకు ఉన్నట్టు వీటికి నాళాలు ఉండవు. స్రావం నేరుగా రక్తంలో కలుస్తుంది. ఎదుగుదల, ఆకలి, దాహం, నిద్ర, ఒంటి వేడి, ఎముకల గట్టిదనం, రుతుక్రమం, గర్భం, తల్లికి పాలు పడటం, రక్తంలో చక్కెర, ఉప్పు, నీటి మోతాదులు అన్నీ వీటి అదుపులోనే నడుస్తాయి.

గ్రంథులు తమ స్రావాన్ని తామే సరిచూసుకుంటాయి. అయితే అందుకు కావలసిన ముడిసరుకు, సంకేతాలు చాలావరకు బయటి నుంచే రావాలి. అయోడిన్ తిండి నుంచి, విటమిన్ డి ముఖ్యంగా ఎండ నుంచి, వేళల లెక్క పగలూ రాత్రుల నుంచి అందుతాయి. కాబట్టి ఒక ప్రాంతపు నేల, నీరు, తిండి, పని తీరు అక్కడి హార్మోన్ లోపాలను చాలావరకు నిర్ణయిస్తాయి. తిరుపతి జిల్లా తూర్పు అంచున తడ, సూళ్లూరుపేట మండలాలను ఆనుకుని ఉన్న పులికాట్, చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. శ్రీహరికోట దీవికి అవతల బంగాళాఖాతం. ఉప్పుకు, ఎండకు కొదవలేని ఈ తీరంలో కూడా సముద్రపు ఉప్పుతో థైరాయిడ్‌కు చాలినంత అయోడిన్ అందదు. ఎండ కాసినంత మాత్రాన ఒంట్లో విటమిన్ డి నిండదు. ఈ రెండు విషయాలూ ఎందుకలా జరుగుతాయో తెలిస్తే హార్మోన్ల వ్యవస్థ పనితీరు సగం అర్థమైనట్టే.

చరిత్ర

1902లో లండన్‌లో విలియం బేలిస్, ఎర్నెస్ట్ స్టార్లింగ్ చిన్నపేగు గోడ నుంచి వెలువడే సెక్రెటిన్‌ను కనుగొన్నారు. నరాలన్నీ తెంచేసినా, రక్తం ద్వారా అందిన ఆ పదార్థానికి స్పందించి క్లోమం జీర్ణరసాన్ని విడుదల చేసింది. అవయవాల మధ్య కబురు నరాల ద్వారానే కాక రక్తం ద్వారా కూడా నడుస్తుందని అప్పుడు రుజువైంది. హార్మోన్ అనే పేరును స్టార్లింగ్ 1905లో వాడుకలోకి తెచ్చాడు. 1914లో ఎడ్వర్డ్ కెండాల్ థైరాక్సిన్‌ను వేరుచేశాడు. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్‌ను రాబట్టారు. 1922 జనవరిలో దాన్ని తొలిసారి ఒక రోగికి ఎక్కించారు. రక్తంలో అత్యల్ప మోతాదులో ఉండే హార్మోన్లను కొలవడానికి రోజలిన్ యాలో రూపొందించిన రేడియో ఇమ్యునో అస్సే పద్ధతికి, హైపోథలామస్ హార్మోన్లను వేరుచేసిన గిల్లెమిన్, షాలీల పరిశోధనకు 1977లో నోబెల్ బహుమతి దక్కింది.

తెలుగు ప్రాంతంలో ఈ శాస్త్రానికి ఒక కేంద్రం తిరుపతి. తిరుమల తిరుపతి దేవస్థానం నెలకొల్పిన శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ (స్విమ్స్) 1993 నుంచి పనిచేస్తోంది. అక్కడి ఎండోక్రైనాలజీ విభాగం నుంచి వెలువడిన పరిశోధనలు ఈ వ్యాసంలో ముందుముందు వస్తాయి.

ప్రధాన గ్రంథులు

మెదడు అడుగున ఉండే హైపోథలామస్ నాడీ వ్యవస్థకూ, హార్మోన్లకూ మధ్య వారధి. దాని కింద సన్నని కాడకు వేలాడుతూ శనగగింజంత పీయూష గ్రంథి (పిట్యూటరీ) ఉంటుంది. మెడ ముందుభాగంలో థైరాయిడ్, దాని వెనుక సాధారణంగా నాలుగు చిన్న పారాథైరాయిడ్ గ్రంథులు ఉంటాయి. మూత్రపిండాల మీద టోపీల్లా అడ్రినల్ గ్రంథులు (అధివృక్కాలు), పొట్ట వెనుక క్లోమం, స్త్రీలలో అండాశయాలు, పురుషులలో వృషణాలు, మెదడులో పీనియల్ గ్రంథి ఈ వ్యవస్థలో మిగిలిన ముఖ్య భాగాలు. గుండె, మూత్రపిండాలు, పేగులు, కొవ్వు కణజాలం కూడా హార్మోన్లు తయారు చేస్తాయి. కొవ్వు నుంచి వెలువడి ఆకలిని తగ్గించే లెప్టిన్‌ను 1994లో గుర్తించారు. గర్భధారణలో మాయ కూడా తాత్కాలికంగా ఒక గ్రంథిలా పనిచేస్తుంది.

హార్మోన్ పనిచేసే తీరు

రసాయన స్వభావాన్ని బట్టి హార్మోన్లు స్థూలంగా మూడు రకాలు. ఇన్సులిన్, పెరుగుదల హార్మోన్ వంటివి ప్రోటీన్లు. ఇవి కణం లోపలికి వెళ్లవు. కణం పైపొరలోని గ్రాహకానికి అతుక్కుని లోపల ఒక చర్యల గొలుసును కదిలిస్తాయి. కార్టిసాల్, ఈస్ట్రోజన్, టెస్టోస్టెరాన్ వంటివి కొలెస్టరాల్ నుంచి తయారయ్యే స్టెరాయిడ్లు. ఇవి కణంలోకి చొరబడి, లోపలి గ్రాహకంతో కలిసి ఏ జన్యువు పనిచేయాలో, ఏది ఆగాలో నిర్ణయిస్తాయి. అడ్రినలిన్, థైరాయిడ్ హార్మోన్లు అమైనో ఆమ్లాల నుంచి పుట్టినవి. అడ్రినలిన్ క్షణాల్లో పనిచేసి అంతే త్వరగా తగ్గిపోతుంది. థైరాక్సిన్ ప్రభావం రోజుల తరబడి ఉంటుంది.

హార్మోన్ రక్తంలో అంతటా తిరిగినా, దానికి తగిన గ్రాహకం ఉన్న కణమే స్పందిస్తుంది. కాబట్టి హార్మోన్ తగ్గినా, గ్రాహకం మొరాయించినా బయటికి కనిపించే లక్షణాలు ఒకేలా ఉండవచ్చు. మధుమేహంలో రెండు రకాలు ఏర్పడటానికి మూలం ఇదే.

నియంత్రణ: ప్రేరేపించే సంకేతం, ఆపే సంకేతం

హార్మోన్ల మోతాదును నిలకడగా ఉంచే ప్రధాన ఏర్పాటు రుణాత్మక పునఃప్రభావం. హైపోథలామస్ టీఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను పంపితే పీయూష గ్రంథి టీఎస్‌హెచ్‌ను విడుదల చేస్తుంది. టీఎస్‌హెచ్ థైరాయిడ్‌ను తట్టి లేపితే టీ4 (థైరాక్సిన్), టీ3 అనే హార్మోన్లు తయారవుతాయి. రక్తంలో అవి చాలినంత చేరగానే పై రెండు చోట్లా ఉత్పత్తి తగ్గుతుంది. అందుకే థైరాయిడ్ మందగించిన వారి రిపోర్టులో టీఎస్‌హెచ్ పెరిగి కనిపిస్తుంది: కింద పని జరగకపోతే పై నుంచి ఒత్తిడి ఎక్కువవుతుంది. అడ్రినల్, అండాశయాలు, వృషణాల అదుపు కూడా ఇదే పద్ధతిలో నడుస్తుంది. ధనాత్మక పునఃప్రభావం అరుదు. కాన్పు సమయంలో నొప్పులు ఆక్సిటోసిన్‌ను పెంచుతాయి, ఆక్సిటోసిన్ నొప్పులను పెంచుతుంది. బిడ్డ బయటపడే దాకా ఈ వలయం ఆగదు.

కొన్నిచోట్ల అదుపు ప్రేరేపించడం వల్ల కాక ఆపడం వల్ల జరుగుతుంది. రొయ్యల హేచరీల వారికి ఇది బాగా తెలిసిన సంగతి. రొయ్య కంటికాడలో ఉండే ఎక్స్ అవయవం, సైనస్ గ్రంథి కలిసి అండాశయం ఎదగకుండా ఆపే హార్మోన్‌ను విడుదల చేస్తాయి. తల్లిరొయ్యకు ఒక వైపు కంటికాడను తొలగిస్తే లేదా నొక్కి కట్టేస్తే ఆ అడ్డు తొలగి, గుడ్లు త్వరగా పక్వమవుతాయి. ఈ ప్రభావాన్ని పనూజ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1943లో నమోదు చేశాడు. తర్వాత ప్రపంచమంతటా పిల్లరొయ్యల ఉత్పత్తి దీని మీద ఆధారపడింది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు పొలం పీతల కంటికాడ హార్మోన్ల మీద, వాటి రక్తంలో చక్కెర మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు.

మనిషిలో ఇలా ఆపడం ద్వారా అదుపులో ఉండే హార్మోన్ ప్రొలాక్టిన్. హైపోథలామస్ నుంచి వచ్చే డోపమిన్ దాన్ని నిరంతరం అణచి ఉంచుతుంది. పీయూష గ్రంథి కాడ దెబ్బతిన్నా, డోపమిన్‌కు అడ్డుపడే కొన్ని మానసిక వ్యాధుల మందులు, వాంతుల మందులు వాడినా ప్రొలాక్టిన్ పెరిగి, గర్భం లేకుండానే పాలు రావడం, నెలసరి ఆగిపోవడం వంటివి కనిపిస్తాయి.

థైరాయిడ్, అయోడిన్, ఉప్పు

థైరాయిడ్ గ్రంథి రక్తంలోని అయోడిన్‌ను లాక్కుని, టైరోసిన్ అనే అమైనో ఆమ్లానికి జోడించి హార్మోన్ తయారు చేస్తుంది. టీ4లో నాలుగు, టీ3లో మూడు అయోడిన్ పరమాణువులు ఉంటాయి. పెద్దవారికి రోజుకు 150 మైక్రోగ్రాములు, గర్భిణులకు 250 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి. అది చాలకపోతే టీఎస్‌హెచ్ ఒత్తిడికి గ్రంథి వాచి గళగండం (గాయిటర్) ఏర్పడుతుంది. కడుపులోని బిడ్డకు అందకపోతే మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. ఈ నష్టం తర్వాత పూడదు.

సముద్రం పక్కనున్న వారికి అయోడిన్ కొరత ఎందుకుంటుందనే సందేహం సహజం. చేపలు, రొయ్యలు, పీతల్లో అయోడిన్ ఉన్న మాట నిజమే. సముద్రపు ఉప్పు సంగతి వేరు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటే, అయోడిన్ 60 మైక్రోగ్రాములకు మించదు. ఆ అయోడిన్ అంతా ఉప్పులోనే నిలిచిందనుకున్నా 10 గ్రాముల ఉప్పులో ఉండేది 17 మైక్రోగ్రాములే. ఉప్పు కొటార్లలో గడ్డకట్టేటప్పుడు అయోడిన్ చాలావరకు మిగులు నీటితో పోతుంది కాబట్టి అంత కూడా మిగలదు. ఎండుచేపలకు, ఊరగాయలకు వాడే కల్లుప్పు అయోడిన్ కలపనిదైతే దాని వల్ల థైరాయిడ్‌కు ఒరిగేదేమీ లేదు.

ఈ లోపాన్ని ఉప్పుతోనే సరిచేయవచ్చని దేశానికి రుజువు చేసిన శాస్త్రవేత్తల్లో ముఖ్యుడు తెలుగువాడు. శ్రీకాకుళంలో 1921లో పుట్టి, విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామి, హిమాచల్‌లోని కాంగ్రా లోయలో 1956లో మొదలైన పరిశీలనకు సారథ్యం వహించాడు. లోయను మూడు మండలాలుగా విడదీసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, మూడోదానికి మామూలు ఉప్పు సరఫరా చేశారు. కొన్నేళ్లలో మొదటి రెండింటిలో బడిపిల్లల గళగండం బాగా తగ్గింది, మూడోదానిలో తగ్గలేదు. తర్వాత అక్కడా అయోడిన్ ఉప్పే ఇచ్చారు. ఈ పనికి కొనసాగింపుగా 1962లో జాతీయ గళగండ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 1992లో దాని పేరు జాతీయ అయోడిన్ లోప రుగ్మతల నియంత్రణ కార్యక్రమంగా మారింది. రామలింగస్వామి ఆ తర్వాత ఢిల్లీ ఎయిమ్స్ సంచాలకుడిగా, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధిపతిగా పనిచేశాడు.

తినడానికి అమ్మే ఉప్పులో అయోడిన్ తప్పనిసరి చేసిన నిబంధనను 2000లో ఎత్తేసి, 2006లో మళ్లీ అమలులోకి తెచ్చారు. తయారీ చోట కిలోకు 30 మిల్లీగ్రాములు, వాడే చోట 15 మిల్లీగ్రాములకు తగ్గకుండా అయోడిన్ ఉండాలి. కిలోకు 15 మిల్లీగ్రాములున్న ఉప్పు 10 గ్రాములు తింటే సరిగ్గా 150 మైక్రోగ్రాములు అందుతాయి. మన తేమ వాతావరణంలో నిలిచేది పొటాషియం అయోడేట్ కాబట్టి దాన్నే కలుపుతారు. ఆశా కార్యకర్తల దగ్గరుండే చిన్న కిట్‌లోని గంజి ద్రావణం ఒక చుక్క ఉప్పు మీద వేస్తే, అయోడిన్ ఉన్నప్పుడు నీలంగా మారుతుంది. రంగు ఎంత ముదురైతే అయోడిన్ అంత ఎక్కువ.

ఉప్పు మెరుగైనా థైరాయిడ్ సమస్యలు పోలేదు. ఇప్పుడు ఎక్కువగా కనిపించేది శరీర రక్షణ వ్యవస్థే గ్రంథిపై దాడి చేసే హాషిమోటో వ్యాధి. హైదరాబాద్, చెన్నైలతో సహా 8 నగరాల్లో జరిపి 2013లో ప్రచురించిన సర్వేలో సుమారు 11 శాతం పెద్దల్లో హైపోథైరాయిడిజం బయటపడింది. బరువు పెరగడం, చలి తట్టుకోలేకపోవడం, నెలసరి ఎక్కువ కావడం, మలబద్ధకం, నీరసం దీని లక్షణాలు. గ్రంథి అతిగా పనిచేసే గ్రేవ్స్ వ్యాధిలో దడ, చేతుల వణుకు, బరువు తగ్గడం, కనుగుడ్లు ముందుకు పొడుచుకు రావడం కనిపిస్తాయి.

ఎండ, విటమిన్ డి, పారాథైరాయిడ్

విటమిన్ అని పేరున్నా, డి నిజానికి ఒక హార్మోన్‌కు మూలపదార్థం. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు చర్మంలోని 7-డీహైడ్రోకొలెస్టరాల్ ముందుగా విటమిన్ డిగా, ఆ తర్వాత కాలేయంలో ఒకసారి, మూత్రపిండంలో ఇంకోసారి మార్పు చెంది కాల్సిట్రయాల్ అనే హార్మోన్ అవుతుంది. తిండిలోని కాల్షియంను పేగులు పీల్చుకునేలా చేసేది అదే. కాల్షియం తగ్గితే పారాథైరాయిడ్ హార్మోన్ పెరిగి ఎముకల్లోంచి దాన్ని రాబట్టి రక్తాన్ని నింపుతుంది. రక్తపరీక్షలో కాల్షియం మామూలుగానే కనిపిస్తుంది. లోపల ఎముక అరుగుతుంటుంది.

తిరుపతిలో సి.వి.హరినారాయణ్, సహచరులు స్విమ్స్ నుంచి జరిపిన అధ్యయనాలు ఈ విషయాన్ని ఈ గడ్డమీదే చూపాయి. 2007లో ప్రచురితమైన పరిశీలనలో పల్లె, పట్నం ప్రజలిద్దరూ కాల్షియం తక్కువగా తింటున్నారని, విటమిన్ డి లోపం విస్తృతంగా ఉందని, పట్నంవారి కంటే పొలం పని చేసే పల్లెవారిలో, స్త్రీల కంటే పురుషుల్లో విటమిన్ డి కాస్త మెరుగ్గా ఉందని తేలింది. తిండిలోని ఫైటేట్ కూడా కారణమే: రాగిలో 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నా, ధాన్యపు పొట్టులోని ఫైటేట్ దాన్ని పట్టి ఉంచుతుంది. సంగటితోపాటు మజ్జిగ, పాలు ఉంటే ఈ లోటు తగ్గుతుంది. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం ఫైటేట్‌ను తగ్గిస్తాయి.

విటమిన్ డి ఏ వేళ తయారవుతుందో తెలుసుకోవడానికి అదే బృందం 7-డీహైడ్రోకొలెస్టరాల్ ఉన్న గాజు ఆంప్యూళ్లను తిరుపతి ఎండలో ఉంచి పరిశీలించింది. మార్పు అత్యధికంగా జరిగింది పగలు 11 నుంచి 2 గంటల మధ్య. అంటే జనం నీడ పట్టున ఉండే వేళే. నల్లని చర్మానికి ఎక్కువసేపు ఎండ కావాలి. ఒళ్లంతా కప్పుకుంటే, పగలంతా కర్మాగారం లోపలే ఉంటే అదీ అందదు.

నీటి ఫ్లోరైడ్ కూడా పారాథైరాయిడ్ గ్రంథిని కదిలిస్తుంది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి ఫ్లోరోసిస్‌ను 1937లో శాస్త్రీయంగా నమోదు చేశారు. అస్థి ఫ్లోరోసిస్‌లో కొందరికి పారాథైరాయిడ్ హార్మోన్ పెరుగుతుంది. కాల్షియం, విటమిన్ డి లోపాలు తోడైతే ఎముకల వంకరలు మరింత తీవ్రమవుతాయి.

ఇన్సులిన్, షుగరు

క్లోమంలోని లాంగర్‌హాన్స్ పుటికల్లో బీటా కణాలు ఇన్సులిన్‌ను, ఆల్ఫా కణాలు గ్లూకగాన్‌ను తయారు చేస్తాయి. అన్నం తిన్నాక చక్కెర పెరిగితే ఇన్సులిన్ దాన్ని కండరాల్లోకి, కొవ్వులోకి పంపుతుంది. పస్తున్నప్పుడు గ్లూకగాన్ కాలేయంలోని నిల్వ నుంచి చక్కెరను బయటికి తీస్తుంది. టైప్ 1 మధుమేహంలో బీటా కణాలే నశిస్తాయి. ఇది ఎక్కువగా పిల్లల్లో మొదలవుతుంది, ఇన్సులిన్ లేకుండా బతకడం కుదరదు. టైప్ 2లో ఇన్సులిన్ ఉన్నా కణాలు దానికి స్పందించవు. కొన్నేళ్లకు బీటా కణాలు కూడా అలసిపోతాయి.

2023లో ప్రచురితమైన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో 11.4 శాతం పెద్దలకు షుగరు ఉంది. అంటే దాదాపు 10 కోట్ల మంది. మరో 15.3 శాతం మంది దాని అంచున ఉన్నారు. పరగడుపున 126, గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు 200 మిల్లీగ్రాములకు చేరినా, సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 6.5 శాతానికి చేరినా షుగరుగా లెక్కిస్తారు. పాలిష్ పట్టిన బియ్యం, కదలిక తక్కువైన పని, పొట్ట దగ్గర చేరే కొవ్వు మన ప్రాంతంలో ప్రధాన కారణాలు. ఉప్పునీటిలో వట్టి కాళ్లతో నడిచే చేపలవారికి షుగరు ఉంటే పాదాల స్పర్శ తగ్గి, గవ్వపెంకు గీసినా తెలియకుండా పుండ్లు పడతాయి. రాత్రి పాదాలను చూసుకోవడం వారికి మందుతో సమానమైన జాగ్రత్త.

అడ్రినల్, ఉప్పు-నీటి లెక్క

అడ్రినల్ పైపొర కార్టిసాల్, ఆల్డోస్టెరాన్‌లను, లోపలి భాగం అడ్రినలిన్‌ను తయారు చేస్తాయి. ఎండలో వల లాగేవారికి చెమటతో ఉప్పు, నీరు పోతే ఆల్డోస్టెరాన్ మూత్రంలో ఉప్పు పోకుండా పట్టి ఉంచుతుంది. పీయూష గ్రంథి వెనుక భాగం నుంచి వచ్చే వాసోప్రెసిన్ నీటిని మిగుల్చుతుంది. కార్టిసాల్ తెల్లవారుజామున పెరిగి అర్ధరాత్రికి కనిష్ఠానికి చేరుతుంది. తడ పక్కనే ఉన్న శ్రీసిటీ వంటి పారిశ్రామికవాడల్లో రాత్రి షిఫ్టు చేసేవారిలో ఈ లయ, పీనియల్ గ్రంథి మెలటోనిన్ రెండూ దెబ్బతింటాయి. నిద్రలేమి, బరువు, షుగరు ముప్పు పెరగడానికి ఇది ఒక కారణం.

పల్లెల్లో తరచు ఎవరూ గుర్తించని అడ్రినల్ సమస్య మందు వల్ల వచ్చేదే. కీళ్లనొప్పులకు, ఆయాసానికి వాడే కొన్ని పేరులేని పొడుల్లో, మాత్రల్లో స్టెరాయిడ్లు కలిసి ఉంటాయి. నొప్పి రెండు రోజుల్లో మాయమవుతుంది. నెలల తరబడి వాడితే మొహం గుండ్రంగా ఉబ్బి, పొట్ట మీద ఎర్రని చారలు పడి, షుగరు, బీపీ పెరిగి, ఎముకలు బలహీనపడే కుషింగ్ స్థితి వస్తుంది. బయటి స్టెరాయిడ్‌కు అలవాటుపడిన సొంత అడ్రినల్ మూతబడి ఉంటుంది కాబట్టి ఆ మందును ఒక్కసారిగా ఆపడం మరింత ప్రమాదం: వాంతులు, బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం జరగవచ్చు. మోతాదును డాక్టరు పర్యవేక్షణలో నెమ్మదిగా తగ్గించాలి.

పీయూష గ్రంథి, ప్రత్యుత్పత్తి హార్మోన్లు

పెరుగుదల హార్మోన్ చిన్నతనంలో తగ్గితే మరుగుజ్జుతనం, పెరిగితే అతికాయత. పెద్దయ్యాక పెరిగితే చేతులు, పాదాలు, దవడ పెద్దవయ్యే ఆక్రోమెగలీ వస్తుంది. చెప్పుల సైజు మారుతూ పోవడం, ఉంగరం బిగుతుకావడం ముందుగా కనిపించే ఆనవాళ్లు. కాన్పులో విపరీతంగా రక్తం పోతే పీయూష గ్రంథి కణాలు చనిపోయి షీహాన్ సిండ్రోమ్ రావచ్చు. బిడ్డకు పాలు పడకపోవడం, నెలసరి తిరిగి రాకపోవడం దీనికి తొలి సూచనలు. ఏళ్ల తర్వాత గానీ బయటపడని సందర్భాలు చాలా ఉన్నాయి.

అండాశయాల్లో నీటి బుడగలని జనం పిలిచే పీసీఓఎస్‌లో ఆండ్రోజన్లు ఎక్కువై నెలసరి తప్పడం, మొటిమలు, అవాంఛిత రోమాలు, గర్భం నిలవకపోవడం ఉంటాయి. దీని వెనుక చాలామందిలో ఇన్సులిన్‌కు స్పందన తగ్గడమూ ఉంటుంది కాబట్టి ఇది అండాశయాలకే పరిమితమైన జబ్బు కాదు. 5 నుంచి 10 శాతం బరువు తగ్గినా చాలామందికి నెలసరి గాడిన పడుతుంది.

నిర్ధారణ, చికిత్స

హార్మోన్ పరీక్షలో వేళ ముఖ్యం: కార్టిసాల్‌ను ఉదయం 8 గంటలకు, పరగడుపు చక్కెరను కనీసం 8 గంటల ఉపవాసం తర్వాత చూస్తారు. చికిత్స సూత్రం సులువు. తక్కువైతే ఇవ్వాలి, ఎక్కువైతే తగ్గించాలి. థైరాక్సిన్ మాత్రను కాఫీకి, టిఫిన్‌కు అరగంట నుంచి గంట ముందు, నీటితోనే వేసుకోవాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకూ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. గ్రంథి అతిగా పనిచేస్తే మందులు, రేడియో అయోడిన్, శస్త్రచికిత్స అనే మూడు దారులున్నాయి.

లాభం అన్నిటికంటే ఎక్కువ పుట్టిన మూడు రోజుల్లో జరిగే పరీక్షలో ఉంది. బిడ్డ మడమ నుంచి ఒక చుక్క రక్తాన్ని వడపోత కాగితం మీద తీసి టీఎస్‌హెచ్ కొలుస్తారు. లక్ష మందికి పైగా శిశువులపై ఐసీఎంఆర్ జరిపిన అధ్యయనంలో 1,130 మందిలో ఒకరికి పుట్టుకతో థైరాయిడ్ లోపం, సుమారు 5,760 మందిలో ఒకరికి అడ్రినల్ ఎంజైము లోపం కనిపించాయి. మొదటిదానికి రెండు వారాల్లోపు థైరాక్సిన్ మొదలుపెడితే బిడ్డ తెలివితేటలు మామూలుగా ఎదుగుతాయి. ఆలస్యమైన ప్రతి నెలా కొంత నష్టమే. రెండోది తీవ్రంగా ఉంటే రెండో వారంలోనే బిడ్డకు వాంతులు, ఒంట్లో ఉప్పు పడిపోవడం మొదలై ప్రాణం మీదికి వస్తుంది.

పులికాట్ పరిసరాల్లో హార్మోన్ లోపాలను తగ్గించేవి ఖరీదైన యంత్రాలు కావు. అయోడిన్ ఉన్న ఉప్పు, పాలూ మజ్జిగా చేరిన భోజనం, కొద్దిసేపు మధ్యాహ్నపు ఎండ, చీటీ లేని స్టెరాయిడ్లకు దూరం, ప్రతి కాన్పు తర్వాతా ఒక రక్తపు చుక్క: ఇవి ఐదూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం స్థాయిలో సాధ్యమయ్యే పనులే.